సత్తార్ అసలు బరువు
(సీరియల్ - పదకొండో భాగం)

“హెవీ వెయిట్ బాక్సరా మేడం? నేను హెవీ వెయిట్ బాక్సులనుకున్న గద.”

క్యాటరింగ్ గోపాలు ఈ మాట అంటున్నప్పుడు భద్రాచలంలో కొత్తగా కట్టిన బాక్సింగ్ హాలు గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. దాని నిండా భోజనం డబ్బాలు. ఒక్కోటి ఎత్తడానికి రెండు చేతులూ, కొంచెం ధైర్యమూ కావాలి. ఫరహా ఫోన్లో చెప్పింది నిజానికి ‘హెవీవెయిట్ బాక్సర్ ఫంక్షనన్నా, వంద మందికి ఏమన్నా తేలికగ పంపు’ అని. సిగ్నల్ వస్తూ పోతూ ఉండే ఊళ్ళో ఆ వాక్యంలో సగం గోదావరి పాలై, గోపాలు చెవిలో ‘హెవీ వెయిట్ బాక్సులు, వంద’ అని మాత్రం పడింది. మనిషికి గిన్నెడు బిర్యానీ, రెండేసి గుడ్లు, పైన ఒక చికెన్ ముక్క, ఆ ముక్కకు తోడుగా ఇంకో ముక్క.

“తేలిక అన్నది నాకు వినపడలే మేడం.”

“నీ వంటకు అది ఎన్నడు వినపడ్డది గని, లోపల పెట్టియ్ అన్నా,” అంది ఫరహా.

ఈ వారమే మన కథలోకి అడుగు పెట్టినవాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోకుండా నాలుగు ముక్కలు చెబుతాను. అబ్దుల్ సత్తార్ భద్రాచలంలో పరుపులు కుట్టే మనిషి. వయసులో ఉన్నప్పుడు జిల్లా తరఫున బాక్సింగ్ ఆడాడు, అదీ హెవీవెయిట్. గెలిచిన పోటీలు ఆయన చేతివేళ్ళకు సరిపోతాయి, ఆ చేతికి గ్లోవు తొడిగాక. దూదిని ఏకినంత తేలికగా మనుషుల్ని ఏకలేకపోయాడని ఊళ్ళో పాత నవ్వు. ఆయన కూతురు ఫరహా ఇప్పుడు అడవి పల్లెల ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంది. కొత్త హాలుకు నాన్న పేరు పెట్టాలని ఆమె పట్టు. రాష్ట్ర పతకాలు గెలిచి, ఆ పతకాల మీద పోలీసు ఉద్యోగం తెచ్చుకుని, ఎస్సైగా రిటైరైన రూప్‌సింగ్ పేరు పెట్టాలని బాలకృష్ణ మాస్టారి పట్టు. ఈయన ఒకప్పుడు జిల్లా జట్టుకు కోచ్, ఇప్పుడు బాక్సింగ్ సంఘానికి కార్యదర్శి. ఈ రోజు ముందు సత్తార్‌కు సన్మానం, ఆ పైన మధ్యాహ్నం సభ్యులంతా కూర్చుని పేరు సంగతి చేతులెత్తి తేల్చుకోవాలి. వాకిట్లో పెయింటర్ బోర్డు మీద ‘బాక్సింగ్ హాలు’ అని రాసి, ముందు జాగా ఖాళీగా ఉంచి, కుంచె పట్టుకుని కూర్చున్నాడు.

పోయిన వారం మనం ఆగిన చోట సత్తార్ కూడా ఆగలేదు. “ఓడినోనికి సన్మానమేంది బేటా,” అని ఒక్క మాట అని, పొద్దున్నే చెప్పులేసుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు. వేదిక మీద ఆయన కుర్చీ ఖాళీ.

ఆ ఖాళీ కుర్చీ ఫరహా చూడలేకపోయింది. ఇంటి నుంచి నాన్న పాత ఫోటో తెప్పించింది. బనియనూ నిక్కరూ, గ్లోవులు గడ్డం కింద, పాలు తాగే పిల్లాడి ముఖం. దాన్ని కుర్చీలో నిలబెట్టింది. ఆ విధంగా సత్తార్ తన సన్మాన సభకు తాను రాకుండానే చైర్మన్ అయ్యాడు. ఆయన మెడ కోసం తెప్పించిన బంతిపూల దండ బుట్టలో వాడిపోతుంటే, పాపం దండగ అవుతుందని ఎవరో ఫోటోకు వేశారు. గోపాలు డబ్బాల్లోంచి గుడ్ల వాసన ఘుమఘుమ దాటి ఇంకెక్కడికో వెళుతుంటే, ఇంకెవరో రెండు అగరొత్తులు వెలిగించి ఫోటో ముందే గుచ్చారు, అక్కడ అరటిపండు ఉంది కాబట్టి. ఇక ప్రార్థన గీతం అని చెప్పి అందర్నీ లేచి నిలబడమన్నారు. అందరూ లేచారు. మైకు లేవలేదు. జనమంతా చేతులు కట్టుకుని, తలలు వంచుకుని, చప్పుడు లేకుండా నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు ముత్తక్క గుమ్మంలోకి వచ్చింది.

ముత్తక్క దుమ్ముగూడెం అవతలి కోయ పల్లె మనిషి. డెబ్బైకి దగ్గర పడింది. ఆమె ఇంటాయన బొజ్జయ్య ఉన్న రోజుల్లో ఎండాకాలం బూరుగు చెట్లెక్కి కాయలు దులిపేవాడు. ఆమె ఎండబెట్టి దూది తీసేది. దిండ్లకూ పరుపులకూ ఆ దూది కొనడానికి సత్తార్ ఏటేటా వాళ్ళింటికి వెళ్ళేవాడు. ‘ఫంక్షనున్నది పెద్దమ్మా, అబ్బా గురించి నువ్వు సుత రెండు మాటలు చెప్పాలె’ అని ఫరహా ఫోన్ చేస్తే, తమ్ముడి లాంటి మనిషికి కప్పడానికి కొత్త తువ్వాలు కొని, ఆయనకిష్టమని సొరకాయ బుర్రలో జావ పోసుకుని, పొద్దుటి బస్సెక్కి వచ్చింది.

ఇప్పుడు ఆమె కళ్ళతో చూడండి. కుర్చీలో ఫోటో. ఫోటోకు దండ. దండ ముందు అగరొత్తుల పొగ. హాలు నిండా తలలు వంచుకుని నిలబడ్డ జనం. చదువు రాని మనిషికైనా, చదువు ఎక్కువైన మనిషికైనా మన దేశంలో దీనికి ఒక్కటే అర్థం.

ముత్తక్క వెనక వరస కుర్చీలో కూలబడింది. దూరం నుంచి ఫరహా ఆమెను చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది. ‘బిడ్డ ఎంత గుండె గట్టి చేసుకున్నదో’ అనుకుని ముత్తక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

వాళ్ళ పల్లెలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోతే చుట్టాలు తలా ఒక కొత్త బట్ట తెస్తారు. దాన్ని మీద కప్పుతూ, ఆ మనిషి తమకు చేసిన మంచి ఒకటి అందరూ వినేలా చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే తప్పు పడుతుంది. చెడు చెప్పడమా, అది ఆ పల్లెలో ఎవరూ విని ఎరగరు. ముత్తక్క తన వంతు కోసం కూర్చుంది.

ఎవరో తన్నడంతో మైకు బతికింది. ముందు ముఖ్య అతిథి రూప్‌సింగ్ లేచాడు. ఏన్కూరు దగ్గర తండాలో పుట్టి, మీసంతో సహా డిపార్ట్‌మెంటులో పెరిగిన మనిషి. ఆయన దగ్గర సత్తార్ గురించి ఒక జోకు ఉంది. పెళ్ళిళ్ళలో, రిటైర్మెంట్లలో, చివరికి బందోబస్తుల్లో కూడా చెప్పి చెప్పి అరగదీశాడు.

“మా సత్తార్ భాయ్ ముచ్చట మీకు ఎరుకే. సెలక్షన్ రోజు నన్ను చూసి భయపడి బరువు పెరిగిండు. నా కేటగిరీల నిలబడితే ఉతికి ఆరేస్తనని హెవీవెయిట్ల పోయి దాక్కున్నడు.”

హాలంతా నవ్వింది. ముత్తక్క నోట్లో కుక్కుకున్న కొంగు బయటికి తీసింది. దండేసిన ఫోటో ముందు ఇన్ని పళ్ళు ఆమె ఎన్నడూ చూడలేదు.

తర్వాత బాలకృష్ణ మాస్టారు. ఈయనకు మైకు దొరికితే మైకమే. సఫారీ చొక్కా సర్దుకున్నాడు.

“నాకు సత్తార్ మీద కోపం లేదు. రేపు పిల్లలు ఈ హాలు ఎవరి పేరు మీదున్నదని అడిగితే ఏం చెప్పాలె, అదొక్కటే నా బాధ. ఇప్పుడు సింగ్ నవ్వుకుంట చెప్పింది నేను నవ్వకుండ చెప్త. ఎనభై ఒక్క కిలోల లోపు లైట్ హెవీ, అది దాటితే హెవీ. ఒక్కో తరగతికి జిల్లా నుంచి ఒక్కడే పోవాలె. లైట్ హెవీల సింగ్‌తోని పోటీ పడాలె. హెవీల మన జిల్లాల ఇంకో మనిషే లేడు. ఖాళీ కుర్చీ చూసుకోని కూసున్నడు ఈన. అది ధైర్యమంటరా?”

ఫరహా తన చేతి గోళ్ళ వంక చూసుకుంది.

“ఇగ రెండోది. తూకానికి పోయే ముందర గడప కాడ నిలబడి సొరకాయ బుర్ర ఎత్తి గటగట తాగుతుండె. ప్రతిసారి. నా కండ్లతోని చూసిన. బుర్రల ఏముంటదో ఈ ఏరియాల పుట్టినోళ్ళకు నేను చెప్పాల్నా? అదీ నమాజు చేసే ఇంట్ల పుట్టి.”

ఈ మాట ఊరికి కొత్త కాదు. తాగుబోతు బాక్సర్ కూతురని స్కూల్లో పిల్లలు ఫరహాను ఏడిపించిన రోజులున్నాయి. ఇంటికొచ్చి అడిగితే సత్తార్ నవ్వి, దిండు ఒకటి ఇచ్చి, దీన్ని గుద్దు బేటా అనేవాడు. ఆమె బాక్సింగ్ మొదలైంది అక్కడే. కానీ దిండుకు తగిలినంతగా ఆ మాటకు తగల్లేదు. అది చెదరకుండా ఇక్కడిదాకా వచ్చి, ఇప్పుడు మైకులో మోగుతోంది.

“మూడోది వరంగల్ ఫైనల్. గెలిచే పోటీ అది. మూడో రౌండ్ల రెండు చేతులు కిందికి దించి, తాళ్ళ సందులకెళ్ళి దూరి బయటికి నడిచిండు. ఆ మూల స్టూలు పట్టుకోని నిలబడ్డది నేనే. అట్లాంటి మనిషి పేరు...”

“ఓ సారూ.”

వెనక వరస నుంచి గొంతు. ముత్తక్క లేచి నిలబడింది.

“మీ ఊర్ల పోయినోని మీద గిట్లనే మాట్లాడ్తరా?”

బాలకృష్ణ కళ్ళజోడు సర్దుకున్నాడు. పొద్దున సత్తార్ సభకు రాకుండా దుకాణానికి పోయిన సంగతి ఈమెకెవరో చెప్పారనుకున్నాడు. “పోయిండు గాబట్టే మాట్లాడుతున్నమ్మా. ఉంటే ముఖం మీదనే చెప్తుంటి.”

“ఉన్నప్పుడు చెప్పుకో. పోయినంక మంచి చెప్పాలె.”

“మంచి ఉంటే నువ్వే చెప్పు,” అన్నాడు బాలకృష్ణ, మైకు ఆమె వైపు చాపుతూ. జీవితంలో ఆయన స్వచ్ఛందంగా మైకు ఇచ్చింది ఇదే మొదటిసారి. ఎందుకిచ్చానా అని తర్వాత చాలా రోజులు అనుకున్నాడు.

ముత్తక్క వేదిక ఎక్కింది. సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి ఫోటో మీద కప్పింది. జనం శాలువా కప్పిందనుకుని చప్పట్లు కొట్టారు. చావింట్లో చప్పట్లేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఫోటో వైపు వంగి, కోయ భాషలో, ఎవరికీ అర్థం కాకుండా, చిన్నగా అంది: “బతికున్నన్ని రోజులు చెప్పొద్దన్నావు తమ్ముడూ. చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే నాకు తప్పు పడుతుంది.”

మీకు మాత్రమే తెలుగులో చెప్పాను. హాల్లో ఉన్నవాళ్ళకు ఆమె ఏదో మంత్రం చదివినట్టు వినపడింది.

“మా ఇంటికి దూది కోసం వచ్చేటోడు ఈన,” అంటూ మైకులోకి తిరిగింది. “దూది కొనేది రెండు బస్తాలు. తినేది నాలుగు బస్తాలు.”

జనం నవ్వారు.

“నవ్వుండ్రి. నేను సుత నవ్విన. రెండోసారికి కోపమొచ్చింది, కుండ దాచిపెట్టిన. పొద్దుగాల జావ, ఎండెక్కినంక జొన్నన్నం, వెదురు కొమ్ముల కూర. మాపటికి కోడి. కోడిని తనే కోసుకునేటోడు, వాళ్ళ మతంల గట్ల. కడుపు నిండినంక మళ్ళ వడ్డించమనేటోడు. ఇగ లోపలికి పోత లేదక్కా అనుకుంటనే ముద్ద పెట్టుకునేటోడు. కండ్లల్ల నీళ్ళు. ఆకలికి ఏడ్సినోళ్ళను చాన మందిని చూసిన. తిండికి ఏడ్సినోన్ని ఈ ఒక్కన్నే చూసిన.”

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

“సంత రోజు నాతోని దుమ్ముగూడెం వచ్చి, చింతపండు తూచే కాటా ఎక్కి నిలబడేటోడు. షావుకారి సుత నవ్వేటోడు, కిలో ఎంతకు ఇస్తవ్ సత్తారూ అని. ఈన దిగి, తలకాయ అడ్డంగ ఊపి, మళ్ళ ఇంటికొచ్చి తినేటోడు. నాకు తిక్క లేసింది. ఏందీ తిండి, నీకు ఏమన్న పట్టిందా, పూజారిని పిలువాల్నా అని అడిగిన. అప్పుడు చెప్పిండు.”

ముత్తక్క ఆగింది. రూప్‌సింగ్ వైపు చూసింది. ఆయనెవరో ఆమెకు తెలియదు.

“గా రూప్‌సింగ్ అనేటోడున్నడంట. ఇందాక జోకు చెప్పినాయన పేరు సుత అదే అన్నరు. నువ్వేనా?”

“అవ్ అక్కా. నేనే.”

“నీది సత్తార్‌ది ఒకటే తూకమంట గదా.”

రూప్‌సింగ్ మీసం కింద నవ్వు ఇంకా సగం మిగిలి ఉంది. “ఎవరన్నరు? ఆయన హెవీ. నేను...”

“ఒకటే తూకం. తినకుంటే ఆయన నీ పక్కనే నిలబడేటోడు. ‘అక్కా, ఖమ్మం నుంచి ఒక్కన్నే తీస్కపోతరు. ఇద్దరం కొట్లాడితే నేను గెలుస్త. నేను గెలిస్తే గోడకు ఒక బిళ్ళ. వాడు గెలిస్తే ఆనికి పోలీసు ఉద్యోగమొస్తది. ఆని నాయన పోయిండు, ఇంట్ల గడుస్త లేదు. నాకు దుకాణమున్నది. ఆనికి పిడికిలే ఉన్నది.’ గిట్ల అన్నడు. గందుకే బరువు కాని బరువు పెంచుకోని పెద్దోళ్ళల్లకు పోయిండు. ఎవ్వరికి చెప్పొద్దని నాతోని పొయ్యి గడ్డ మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టు పెట్టిచ్చుకున్నడు.”

రూప్‌సింగ్ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో మర్చిపోయినట్టు మళ్ళీ కూర్చున్నాడు.

“ప్రాక్టీసుల రోజూ నన్ను పడగొట్టేది ఆయనే,” అన్నాడు చివరికి, ఎవరితోనో కాదు, తన చేతులతో. “చెయ్యిచ్చి లేపేది ఆయనే. సెలక్షన్ రోజు పొద్దున ఆయనతోని పడ్తదని నాకు జ్వరమొచ్చినంత పనైంది. పోయి చూస్తే నా ఎదురుంగ ఎవ్వడు లేడు. అల్లా, రాముడు, మా సేవాలాల్ అందరికి మొక్కిన. మొక్కాల్సినోన్ని ఇడిసిపెట్టి. జోకు అనుకోని చెప్పిన అక్కా. ఇన్నేండ్ల నుంచి ఊరూరు తిరిగి చెప్పిన.”

“ఇప్పుడిది సుత ఊరూరు చెప్పు,” అంది ముత్తక్క.

బాలకృష్ణ మాస్టారు లేచాడు. ఓడిపోవడం అలవాటు లేని మనిషి. “సరే అమ్మా, తిండి సంగతి ఒప్పుకుంట. మరి తాగుడు?”

ముత్తక్క సంచిలో చెయ్యి పెట్టి సొరకాయ బుర్ర తీసింది. పొగకు నల్లబడి, మెడ దగ్గర నార చుట్టి ఉంది.

“మీరు చూసింది దీన్నేనా సారూ?”

“అదే. అసొంటిదే.”

“పట్టు. తాగు.”

“నాకు అలవాటు లేదమ్మా.”

“ఆనికి సుత లేకుండె. తాగు.”

వంద మంది చూస్తున్నారు. బాలకృష్ణ బుర్ర ఎత్తి, కళ్ళు మూసుకుని, ఒక గుక్క మింగాడు. కళ్ళు తెరిచాడు. ఇంకో గుక్క మింగాడు.

“మత్తున్నదా సారూ?”

“లేదు,” అన్నాడు ఆయన. “ఉప్పు ఎక్కువున్నది.”

“జావ. ఖమ్మం పోయిన ప్రతిసారి బుర్ర నిండ పోసిచ్చేదాన్ని. బస్సుల ఒడిల పెట్టుకోని పోయేటోడు. తూకం కాడ గడప ముందర తాగితే, కడుపుల ఉన్నంత సేపు ఆ బరువు నిలబడ్తదంట. దిగినంక మళ్ళ మామూలే.”

బాలకృష్ణ బుర్ర కింద పెట్టలేదు. దాన్ని పట్టుకునే కుర్చీలో కూలబడ్డాడు. ఆయన్ని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. కోచ్ అనేవాడు లోపల ఎక్కడో ఇంకా బతికే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, పాత పోటీలన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందు వేసుకుంటున్నాడు.

“అంటే,” అన్నాడు మెల్లగా, “కడుపుల నీళ్ళు మోసుకోని తూకం దాటి, పది కిలోలు పెద్దోళ్ళతోని కొట్లాడిండు. అన్నేండ్లు. ఓడిపోయిండు, అవ్. పాయింట్ల మీద ఓడిపోయిండు. ఒక్కసారి సుత కింద పడలే. ఒక్క నాకౌట్ లేదు ఆయన మీద. నేను దాన్ని ఎన్నడు లెక్కల పెట్టలే.”

మనమూ పెట్టలేదు. గెలిచినవాడి పక్కన ఎంత కొట్టాడో రాస్తాం, ఓడినవాడి పక్కన ఎంత తిన్నాడో రాయం. ముద్ద తిని ఏడ్చి, గుద్దు తిని నవ్విన మనిషిని ఊరు తిండిపోతు అంది, తాగుబోతు అంది, ఆయన దిండు మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. పంచ్ కొట్టేవాళ్ళు ప్రతి జిల్లాకూ ఉంటారు. తనకు రావాల్సింది పంచి, ఆ పైన పంచ్ తిన్నవాడు మనకు ఒక్కడే దొరికాడు. భద్రాచలం పరుపుల దుకాణానికి ఒక నమస్కారం బాకీ ఉంది, అది మీరూ నేనూ కలిసి పెట్టాల్సిందే.

రూప్‌సింగ్ ముత్తక్క చేతిలోని మైకు దగ్గరికి వచ్చాడు. ఈసారి జోకు లేదు.

“నా పేరు వద్దు. నా ఉద్యోగం, నా ఇల్లు, నా పిల్లల సదువులు, అన్ని ఆ మనిషి ఒక్క రోజు రాకపోవుడుతోని వచ్చినయ్. సత్తార్ భాయ్ పేరు పెడదామన్నోళ్ళు చేతులెత్తుండ్రి. అందరికన్న ముందు నేను.”

చేతులు లేచాయి. మైకు తన్నినవాడు రెండు చేతులూ ఎత్తాడు. బాలకృష్ణ కూడా ఎత్తాడు, బుర్ర ఉన్న చేతిని.

“మరి మీ మూడోది సార్?” అని అడిగింది ఫరహా. “వరంగల్ ఫైనల్?”

“అది వదిలేద్దాం బిడ్డా,” అన్నాడు బాలకృష్ణ, కొంచెం జల్దీగా. “పాత ముచ్చట.”

ఇందాకటిదాకా ఆ పాత ముచ్చటనే మైకు పగిలేలా చెప్పిన మనిషి. ఫరహాకు అది వింతగా తోచింది కానీ, అంతలో పెయింటర్ లోపలికి తల పెట్టి “సత్తార్‌ల తా వత్తు ఉన్నదా మేడం?” అని అడగడంతో ఆమె నవ్వూ ఏడుపూ కలిసిపోయి అటు తిరిగింది.

ఈలోగా గోపాలు తన హెవీ వెయిట్ బాక్సుల్లో ఒకటి పట్టుకుని పరుపుల దుకాణానికి వెళ్ళి ఉన్నాడు. ఫంక్షన్ ఎవరిదో వాళ్ళు తినకపోతే వంటవాడికి మనసొప్పదు. “మీ ముత్తక్క అడవికెళ్ళి వచ్చింది భాయ్, స్టేజీ మీద నిలబడి ఏడుస్తున్నది,” అని ఒక మాట డబ్బా పక్కన పెట్టాడు. సత్తార్ డబ్బా ముట్టుకోలేదు. దూది ఏకే మిషను ఆపడం కూడా మర్చిపోయి పరుగెత్తాడు.

హాలు తలుపు తెరుచుకుంది. మధ్యాహ్నపు వెలుతురు వెనక నుంచి పడుతోంది. గుమ్మంలో ఒక ఆకారం. తల నుంచి కాలి దాకా తెలుపు. జుట్టు మీద, గడ్డం మీద, కనురెప్పల మీద బూరుగు దూది పింజలు. గాలికి అవి మెల్లగా లేస్తున్నాయి.

ముత్తక్క చేతిలో మైకు కింద పడి హాలంతా కుయ్యిమంది.

“దినాలు సుత కాలే గద తమ్మీ,” అంది వెనక్కి జరుగుతూ. “అప్పుడే తిరుగుడు మొదలు పెట్టినవా?”

“ఎక్కడ తిరుగుతున్నక్కా, దుకాణం నుంచి సీదా వస్తున్న,” అన్నాడు సత్తార్ ఆయాసపడుతూ వేదిక ఎక్కి. “ఎందుకు ఏడుస్తున్నవ్? ఎవరన్నరు నిన్ను?”

“నువ్వు సచ్చిపోలే?”

వంద మంది ఒకేసారి ముత్తక్కను చూశారు, తర్వాత సత్తార్‌ను, తర్వాత ఫోటోను. అప్పుడు కనిపించింది వాళ్ళకు, పొద్దుటి నుంచి ఎదురుగా ఉన్నదే.

“గా ఫోటోకు దండున్నది,” అంది ముత్తక్క, తప్పు తనది కాదన్నట్టు ఒక్కొక్కటే చూపిస్తూ. “ఊదుబత్తులున్నయ్. నేనొచ్చేసరికి అందరు లేచి తలకాయలు దించుకోని నిలబడ్డరు. ఏమనుకోవాలె మరి?”

ఫరహా పరుగున వచ్చి ఆమెను పట్టుకుంది. “అయ్యో పెద్దమ్మా. దండ అబ్బా మెడల వేసేదే, రానన్నడని ఫోటోకు వేసిన్రు. పాట పెడ్తమని నిలబడితే మైకు రాలే.”

“మరి ఊదుబత్తి?”

సత్తార్ వెనకే దుకాణం నుంచి వచ్చిన గోపాలు చెయ్యెత్తాడు. “నా గుడ్ల వాసనకు అమ్మా.”

ముందు ముత్తక్కే నవ్వింది. ఆమె నవ్వాక మిగతావాళ్ళకు ధైర్యం వచ్చింది. రూప్‌సింగ్ కళ్ళు తుడుచుకుంటూనే వెళ్ళి ఫోటో మీది దండ తీశాడు. దాన్ని సత్తార్ మెడలో వేసి, వంగి, కాళ్ళు అందుకోబోయాడు. సత్తార్ ఆయన భుజాలు పట్టి లేపాడు, ప్రాక్టీసులో లేపినట్టే.

“ఏమైందిర నీకు? లే. చొక్కకు దూది అంటుతది.”

“అంటనీ భాయ్,” అన్నాడు రూప్‌సింగ్.

సత్తార్ అప్పుడు చుట్టూ చూశాడు. రూప్‌సింగ్ ముఖం, కూతురి ముఖం, వాకిట్లో తన పేరు సగం దాకా వచ్చిన బోర్డు, చివరగా బాలకృష్ణ చేతిలో సొరకాయ బుర్ర. చూసిన కొద్దీ ఆయన ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది.

“ఏం చెప్పినవక్కా?”

“తిండి ముచ్చట చెప్పిన. పోయినవనుకొని చెప్పిన. తప్పైతే దండుగ కడ్త, కోడి కోస్త.”

“అంతేనా?” సత్తార్ గొంతు బాగా తగ్గింది. కానీ కింద పడ్డ మైకు ఆయన కాళ్ళ దగ్గరే ఉంది, తన్నకుండానే ఈసారి బాగా పనిచేస్తోంది. “వరంగల్‌ది సుత చెప్పినవా?”

“లేదు. అదే మొదలు పెడదామనుకుంటున్న, నువ్వొచ్చినవ్,” అంది ముత్తక్క. “బతికే ఉన్నవ్ గద. ఇగ ఎట్ల చెప్పాలె?”

అందరూ సత్తార్‌నే చూస్తున్నారు. ఫరహా ఒక్కతే చూడలేదు. ఆమె చూస్తున్నది బాలకృష్ణ మాస్టారి చేతిని. ఆ చేతిలో బుర్ర పక్కకు ఒరిగింది. ఉప్పు ఎక్కువైన జావ, అంచు దాటి, ఆయన సఫారీ చొక్కా మీద ఒలుకుతోంది. ఆయన దాన్ని తుడుచుకోవడం లేదు.